గువ్వలదొరువు పిట్టల నిశానీలు

కంటికి కనిపించినంత మాత్రాన పిట్ట కనిపించినట్టు కాదని తెలుసుకోవడానికి మస్తానయ్యకు యాభై రెండేళ్ళు పట్టింది. ఆ సంగతి ఉగాదికి ఆరు రోజుల ముందు ఒక సర్క్యులర్ రూపంలో వచ్చింది. అప్పటిదాకా అతను అమాయకంగా, కొంగ కనిపిస్తే కొంగ కనిపించిందనే అనుకుంటూ బతికాడు.

మస్తానయ్య గువ్వలదొరువుకు కావలివాడు. దొరువు అని పేరేగాని అది నాలుగు బిందెలు ముంచుకునే నీటిగుంట కాదు. సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల మూడు వందల ఎకరాల నేల. అందులో సగం జమ్మూ తుంగా మొలిచిన చిత్తడి, మిగతా సగం ఈతపొదలూ కంపచెట్లూ పట్టిన ఇసక దిబ్బలు. పద్నాలుగేళ్ళుగా తెల్లవారకముందే లేచి దాని చుట్టూ తిరిగి, ఏ పిట్ట వచ్చింది, ఏది పోయింది, ఏది ఎక్కడ గుడ్లు పెట్టింది అని నోటుబుక్కులో రాసుకోవడం అతని పని. ఉద్యోగం కాంట్రాక్టుది. ఏటా మార్చి ముప్పై ఒకటిన చచ్చి, పైవాళ్ళకు దయ కలిగితే ఏప్రిల్ ఒకటిన మళ్ళీ పుట్టేది.

సర్క్యులర్ పుట్టడానికి ఒక కారణం ఉంది. ఎక్కడో ఒక చెరువులో రెండు వందల పన్నెండు రకాల పక్షులున్నాయని కాగితాల్లో రాశారట. పెద్దలు తనిఖీకి వెళ్ళి చూస్తే రెండు కాకులూ ఒక కోడీ కనిపించాయి. కోడి అక్కడి కావలివాడి సొంతం. పెద్దలు మూడు రోజులు బాధపడి, నాలుగో రోజు కోలుకుని, ఇకమీదట రాష్ట్రంలో ఏ పక్షీ మోసం చేయలేని విధంగా ఒక నిబంధన తయారు చేశారు.

ఆ నిబంధనను మోసుకొచ్చినవారు త్రివిక్రమరావు గారు. పక్షి ధృవీకరణ విభాగం అని కొత్తగా పెట్టిన ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయన జీపు దిగి, మస్తానయ్య గుడిసె ముందున్న నులకమంచం మీద కూర్చుని, గొంతు సవరించుకుని చదివారు.

"విషయము: పక్షులు, కనబడుట, ప్రామాణీకరణ, ఉత్తర్వులు జారీ చేయుట గురించి. ఇకమీదట గెజిటెడ్ హోదాకు తక్కువ కాని అధికారి స్వయముగా చూచి, నకలును అసలుతో సరిపోల్చి, ఆకుపచ్చ సిరాతో ధృవీకరించనిదే ఏ పక్షియు కనబడినట్లు పరిగణింపబడదు. ఒకే ఉదయమున, పది గంటలలోపు, నలభై జాతులు ధృవీకరింపబడని ప్రదేశము పక్షిరహిత భూమిగా ప్రకటింపబడును."

"నలభై ఏంది సార్," అన్నాడు మస్తానయ్య నవ్వుతూ. "నూటా పద్దెనిమిది రకాలుండాయి. బుక్కులో రాసిపెట్టుండా."

"ఎవరు చూశారు?"

"నేను చూసినా."

"నువ్వు గెజిటెడ్డా?"

"కాదు సార్."

"అయితే ఎవరూ చూడలేదు." త్రివిక్రమరావు గారి గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "బాధపడకు. నేనూ గెజిటెడ్ కాదు. ఇరవై మూడేళ్ళ సర్వీసులో నేను అధికారికంగా ఏదీ చూడలేదు."

పక్షిరహిత భూమి అయితే ఏం చేస్తారని మస్తానయ్య అడిగాడు. దానికి ఆయన ముఖం వెలిగిపోయింది. సంచీలోంచి రంగుల కాగితం తీసి చూపించారు. దొరువు పూడ్చి, దాని మీద అయిదంతస్తుల పక్షి భవన్ కడతారట. అందులో పక్షుల గురించి చర్చించుకోవడానికి చల్లటి హాళ్ళు, పక్షుల అరుపులు వినిపించే లిఫ్టు, పైన కొంగ ఆకారంలో నీళ్ళ ట్యాంకు.

"అప్పుడు నా పని, సార్?"

"పక్షులే లేనప్పుడు పక్షుల కావలి ఎందుకయ్యా?" అన్నారాయన. "ముప్పై ఒకటితో ముగుస్తుంది. అంతా తదనుగుణంగానే జరుగుతుంది, దిగులుపడకు."

మస్తానయ్యకు దిగులు పట్టుకుంది. వేరే పని దొరక్కపోదు, రొయ్యల గుంటల దగ్గర ఎవరైనా పెట్టుకుంటారు. కానీ పొద్దున్నే లేచి దొరువు గట్టు మీదికి పోకపోతే ఆ రోజును ఎట్లా మొదలుపెట్టాలో అతనికి తెలియదు. నీలికోడి జమ్ములోంచి తల బయటపెట్టి అతన్ని చూసి భయపడకుండా ఉండటానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఏ ఆఫీసులో రాసిపెట్టి ఉంటాయి?

మండలంలో గెజిటెడ్ అధికారులు నలుగురు. ఒకాయనకు తెల్లవారుజామున లేస్తే జలుబు చేస్తుంది. ఇంకొకాయనకు పక్షులంటే పడదు. మూడో ఆయన బదిలీ మీద వెళ్ళిపోయి, ఆయన కుర్చీ మాత్రమే గెజిటెడ్‌గా మిగిలింది. నాలుగో ఆమె పశువుల ఆసుపత్రి డాక్టరు హైమవతి గారు. వస్తానన్నారు.

వస్తానన్నందుకు సంతోషించాలో ఏడవాలో మస్తానయ్యకు అర్థం కాలేదు. ఎందుకంటే ఆమె సంతకం గురించి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. సొంత అక్క కొడుకు మార్కుల లిస్టు జిరాక్సు మీద కూడా అసలు కాగితం చూపించేదాకా సంతకం పెట్టని మనిషి. ఆ పిల్లవాడు అసలు తేవడానికి మళ్ళీ మూడు బస్సులు మారాడు.

"మస్తానయ్యా, నేను ఒకటే చెప్తాను," అన్నారామె. "నకలు చూపించు, అసలు చూపించు. రెండూ ఒకటైతే సంతకం. లేకపోతే లేదు. అది పిట్టయినా సరే, పట్టాదారు పుస్తకమైనా సరే."

మస్తానయ్య దగ్గర, ఎప్పుడో పిట్టల్ని చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన ఇచ్చిపోయిన బొమ్మల పుస్తకం ఉంది. దాన్ని బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు తీసుకుపోయి అరవై పేజీలు నకళ్ళు తీయించాడు. షాపతను ఎవరికి అడ్మిషన్ అని అడిగాడు.

ధృవీకరణకు పెట్టిన రోజు రానే వచ్చింది. దొరువుకు అంతకన్నా మంచి పొద్దు ఉండదు. రాత్రి మంచు కొంచెం పడి, తుంగ చివర్లన్నీ తడిగా ఉన్నాయి. దిబ్బల మీద వేపచెట్లు పూసి, ఆ వాసన నీళ్ళ మీదుగా వస్తోంది. ఎండలు మొదలై చుట్టుపక్కల గుంటలన్నీ ఎండిపోవడంతో, గాలిలో ఎగిరే ప్రతి ప్రాణీ నీళ్ళ కోసం గువ్వలదొరువుకే రావాలి. వలస వచ్చినవి ఇంకా పోలేదు, ఇక్కడివి గూళ్ళు కట్టడం మొదలుపెట్టాయి. ఎటు చూసినా అరుపులూ రెక్కల చప్పుడూనే. మస్తానయ్య గర్వంగా చుట్టూ చూశాడు. ఇంత పెళ్ళి జరుగుతుంటే ఎవరైనా ఇల్లు ఖాళీగా ఉందని రాస్తారా అనుకున్నాడు.

గట్టు మీద హైమవతి గారికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఒళ్ళో ప్యాడు, ప్యాడు మీద జిరాక్సులు, చేతిలో ఆకుపచ్చ పెన్ను. త్రివిక్రమరావు గారు పక్కన నిలబడి నలభై గడుల ఫారం పట్టుకున్నారు.

"ఆరు గంటల ఒక నిమిషం. ధృవీకరణ కార్యక్రమం ప్రారంభమైనట్లుగా ప్రకటిస్తున్నాను," అన్నారు.

మొదట లకుముకి వచ్చింది. ఎదురుగా ఎండు కొమ్మ మీద వాలి, నీళ్ళలోకి దూకి, చేపను పట్టుకుని మళ్ళీ అదే కొమ్మ మీద కూర్చుంది. ఎండ దాని వీపు మీద పడి నీలం రంగు మెరిసిపోయింది. మస్తానయ్య జిరాక్సు అందించాడు. హైమవతి గారు కాగితాన్ని చూశారు, పిట్టను చూశారు, మళ్ళీ కాగితాన్ని చూశారు.

"ఇందులో నల్లగా ఉంది. అక్కడ నీలంగా ఉంది."

"జిరాక్సు గదా మేడమ్. రంగు రాదు."

"మరి నకలు అసలుతో సరిపోలినట్టు నేనెలా రాస్తాను?"

త్రివిక్రమరావు గారు తల ఊపారు. "పేరు మార్చుకున్నవాళ్ళు గెజిట్‌లో ప్రకటన ఇస్తారు. రంగు మారినదానికి కూడా అదే పద్ధతి వర్తించాలి." లకుముకి ప్రకటన ఇచ్చే ఉద్దేశం ఏమీ లేకుండా ఎగిరిపోయింది.

తర్వాత గూడబాతులు దిగాయి. ఒకటీ రెండూ కాదు, ఆకాశంలో వరసకట్టి వచ్చి నలభైదాకా ఒకేసారి నీళ్ళ మీద వాలాయి. మస్తానయ్య చప్పట్లు కొట్టబోయి ఆగాడు. ఈసారి రంగు గొడవ లేదు, అసలూ నకలూ రెండూ బూడిద రంగే.

"నకలు ఒకటి. అసళ్ళు నలభై," అన్నారు హైమవతి గారు. "ఇది దేని నకలు?"

"అన్నిటిదీ మేడమ్. అన్నీ ఒకటే జాతి."

"ఒక కాగితం మీద ఒక పిట్టే ఉంది. ఇవి కదులుతున్నాయి. ఇందాక నేను చూసింది ఇప్పుడు ఎటు పోయిందో నాకే తెలియడం లేదు." ఆమె నిజంగానే బాధపడుతూ అన్నారు. పెన్ను కాగితం దాకా వచ్చి వెనక్కి పోయింది.

ఉల్లంకి పిట్టలు బురద ఒడ్డున గబగబా పరుగులు తీస్తుంటే, ఇవి చలిదేశాల నుంచి వస్తాయని మస్తానయ్య ఉత్సాహంగా చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. బయటినుంచి వచ్చినవాటికి స్థానికత ధృవపత్రం ఉందా, వరసగా నాలుగేళ్ళు ఇక్కడే ఉన్నట్టు రుజువుందా అని త్రివిక్రమరావు గారు అడిగారు. ఏటా ఆరు నెలలే ఉంటాయని తెలిసి ఆ కాగితం పక్కన పెట్టేశారు.

ఏడుంపావుకు, మస్తానయ్య ఎదురుచూస్తున్న పిట్ట రానే వచ్చింది. ఒక పాలపిట్ట వేపకొమ్మ మీదినుంచి లేచి, నీలం రెక్కలు విప్పి, వాళ్ళ నెత్తి మీదుగా గిరికీలు కొట్టింది. దీనికి మాత్రం రంగు బొమ్మ సంపాదించి పెట్టుకున్నాడు. పాతికేళ్ళ నాటి క్యాలెండరులోంచి కత్తిరించింది.

"పాలపిట్ట!" అని అరిచారు త్రివిక్రమరావు గారు. గబుక్కున బూట్లు విడిచి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. హైమవతి గారు కూడా కుర్చీలోంచి లేచి, పెన్ను రెండు చేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇద్దరూ తమ తమ కోరికలు చెప్పుకుని కళ్ళు తెరిచేసరికి ఆకాశం ఖాళీగా ఉంది.

"చూసినారు గదా మేడమ్?"

"దండం పెట్టుకున్నానయ్యా. కళ్ళు మూసుకుని చూశానని ఎలా రాయమంటావు?"

ఎనిమిదిన్నరకు ఫారంలో ఒక్క గడి నిండింది. అది కాకి. అసలు నలుపు, నకలు నలుపు, పైగా ఒకటే వచ్చి కుర్చీకి మూడడుగుల దూరంలో కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి ఎంతసేపైనా చూసుకోనిచ్చింది. హైమవతి గారు పొంగిపోయి రెండు చోట్ల సంతకం పెట్టారు. ఇంత సక్రమమైన పక్షిని తన సర్వీసులో చూడలేదని త్రివిక్రమరావు గారు మెచ్చుకున్నారు.

మస్తానయ్య గట్టు మీద కూలబడ్డాడు. చుట్టూ వందల పిట్టలు అరుస్తున్నాయి. ఈ ఇద్దరూ చెడ్డవాళ్ళయినా బాగుండేది, కసిదీరా తిట్టుకోవచ్చు. ఆమె అబద్ధం రాయదు, ఆయన నిబంధన దాటడు. ఇద్దరు మంచివాళ్ళ మధ్య తన దొరువు పూడిపోతోందని అతనికి ఏడుపొచ్చింది.

తొమ్మిదింటికి త్రివిక్రమరావు గారి ఫోను మోగింది. పై ఆఫీసు నుంచి. ఆయన లేచి నిలబడి విన్నారు. "అలాగే సార్, తప్పకుండా సార్, పక్షులకు తెలియజేస్తాను సార్" అని పెట్టేశారు.

"నిబంధన సరళీకరించారు. ప్రజలకు ఇబ్బంది కలగకూడదని స్వీయ ధృవీకరణ అనుమతించారు. ఎవరి పత్రం మీద వారే సంతకం పెట్టవచ్చు. గెజిటెడ్ అధికారి సరిచూస్తే చాలు."

"ఎవరి మీద ఎవురు సార్?"

"పక్షి పత్రం మీద పక్షి."

ఎవరూ నవ్వలేదు. హైమవతి గారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. "ఏ సిరాతో?"

"నీలం గాని, నలుపు గాని."

"పిట్టలు సంతకం యాడ పెడతాయి సార్!" అని మస్తానయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అతని భార్య రవణమ్మ అందరికీ టిఫిను గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నె దించి, మొగుడి ముఖం చూసి, సంగతేమిటని అడిగి తెలుసుకుంది.

"అందుకా అట్టా కూలబడుండావు?" అంది. "నాకు మాత్రం సంతకం వచ్చునా? పొదుపు సంఘంలో నేను నిశానీ ఎయ్యలా? చదువు రానోళ్ళు ఏలిముద్ర ఎయ్యొచ్చని ఆ సార్లే గదా చెప్పేది. నీ పిట్టలు తెల్లారి లేచినకాణ్ణుంచి ఆ బురదలో ఏసేది ఏంది మరి?"

త్రివిక్రమరావు గారు సంచీలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి వేలు పెట్టి వెతికారు. వెతికినకొద్దీ ఆయన ముఖంలో ఎన్నడూ లేని ఆనందం కనిపించింది. "నిరక్షరాస్యుల విషయమున నిశానీ చెల్లును," అని చదివారు. "ఎడమది అయి ఉండవలెను. ఇద్దరు సాక్షులు ఉండవలెను." తర్వాత కళ్ళజోడు తీసి రవణమ్మకు నమస్కారం పెట్టారు.

అందరూ గట్టు దిగి బురద అంచుకు పోయారు. రవణమ్మ మాత్రం, చీరకు బురద అంటితే ఉతికేవాళ్ళెవరని గట్టు మీదే ఉండిపోయింది. దొరువు నీళ్ళు వెనక్కి పోయి, ఒడ్డు పొడుగునా మెత్తటి నల్ల బురద తేలి ఉంది. దాని మీద, చోటు లేకుండా, అడుగులు.

అక్కడ మస్తానయ్య వేరే మనిషి అయిపోయాడు. వంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, దినపత్రిక చదివినట్టు బురదను చదవడం మొదలుపెట్టాడు.

"ఇది నత్తగుల్ల కొంగ మేడమ్. చూడండి, నిదానంగా నడిచుండాది, ఇక్కడ ఆగి గుల్ల పగలగొట్టుకునింది. ఇది తీతువు, వెనక వేలు ఉందా లేదా అన్నట్టుంటాది. ఈ పెద్ద చాపలాంటిది గూడబాతు, వేళ్ళ మధ్య తోలుండాది గదా. ఇవి కౌజులు, దిబ్బ మీదినుంచి నీళ్ళకు దిగినాయి, మొగుడు ముందర, పెళ్ళాం వెనక. ఇది జెముడుకాకి. ఇదిగో, ఈ సన్నటి చుక్కలు పూరేడువి."

హైమవతి గారు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో గొంతుక్కూర్చున్నారు. జీవితమంతా కాళ్ళూ గిట్టలూ చూసిన మనిషి ఆమె. కాలి వేళ్ళ లెక్క ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. జిరాక్సులో రంగు రాకపోతేనేం, కాళ్ళు స్పష్టంగా వచ్చాయి. మూడు ముందుకు, ఒకటి వెనక్కి. బురద మీద అసలు, కాగితం మీద నకలు. రెండూ ఒక్కటే. "సరిపోయింది!" అన్నారామె. ఆ ఉదయం మొదటిసారి ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "ఇది కూడా సరిపోయింది! మస్తానయ్యా, ఈ నీలికోడి ఎంత పొడుగు వేళ్ళయ్యా దీనికి! ఆకుల మీద నడవడానికా?"

"అవును మేడమ్. అది నడస్తా ఉంటే మీరు చూడాలి."

"ఎడమదేనా?" అని వెనకనుంచి త్రివిక్రమరావు గారు ప్రతిదానికీ అడుగుతున్నారు. గట్టు మీదినుంచి రవణమ్మా, కింద జీపు డ్రైవరూ సాక్షులు. రవణమ్మ సాక్షిగా తన నిశానీ తాను వేసింది.

గుడ్డికొంగ దగ్గర కొంచెం ఆలస్యమైంది. వైకల్య ధృవపత్రం జతపరచాలేమోనని త్రివిక్రమరావు గారికి సందేహం వచ్చింది. దానికి కళ్ళు బ్రహ్మాండంగా కనిపిస్తాయని మస్తానయ్య ప్రమాణం చేశాక ముందుకు సాగారు. పికిలిపిట్ట, గోరింక, నీటికాకి, పెద్ద ఉల్లంకి, చిన్న ఉల్లంకి. స్థానికత మాటేమిటని ఈసారి ఎవరూ అడగలేదు. కాలు ఇక్కడ పెట్టినది ఇక్కడిదేనని త్రివిక్రమరావు గారే నిర్ణయించారు. గడులు చకచకా నిండాయి. ముప్పై అయిదు. ముప్పై ఎనిమిది. కాకితో కలిపి ముప్పై తొమ్మిది.

అక్కడ ఆగిపోయింది. బురద అంచు అయిపోయింది. తర్వాత నీళ్ళే. మస్తానయ్య ముందుకు వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, జమ్ము తొలగించి చూశాడు. ఉన్నవన్నీ చూసినవే. టైము తొమ్మిదీ యాభై ఒకటి. వచ్చిన పిట్టలు మనుషుల అలికిడికి లేచి దూరంగా పోయాయి, మనుషులు పోతే తప్ప దిగవు. ఒక్క పిట్ట తక్కువై మూడు వందల ఎకరాలు పోతాయని తలుచుకుంటూ అతను మళ్ళీ మొదటినుంచి వెతికాడు.

"ఇది రాయలేదే," అన్నారు త్రివిక్రమరావు గారు, జమ్ము మొదట్లో వంగి చూస్తూ. "చాలా పెద్ద పక్షి. అయిదు వేళ్ళు. అయిదూ ముందుకే. లోతుగా పడింది, బరువు బాగా ఉంది. ఎడమదే. దీని పేరేమిటి?"

మస్తానయ్య చూశాడు. పేరు తెలియదని ఒక్క మాట అంటే చాలు, వాళ్ళే ఏదో పేరు పెట్టుకునేవాళ్ళు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పద్నాలుగేళ్ళలో అడుగుల విషయంలో అతను ఒక్క అబద్ధం రాయలేదు.

"అది నాది సార్," అన్నాడు తల వంచుకుని. "పొద్దున నీలికోడి గూడు చూడబోయినా."

అయిపోయిందనుకున్నాడు. గట్టు మీద రవణమ్మ "నోరు మూసుకోనుండలేవా?" అని పళ్ళు కొరికింది.

త్రివిక్రమరావు గారు మాత్రం సర్క్యులర్ తెరిచారు. సర్వీసులో ఆయన ఏనాడూ ఒక ఫారాన్ని చివరి గడిదాకా నింపి ఎరగరు. ఒక్క గడి ఖాళీతో పైకి పంపడం ఆయన ప్రాణం ఒప్పుకోలేదు. "నిర్వచనాలు, రెండో పేజీ," అన్నారు. "పక్షి అనగా రెండు కాళ్ళపై నడుచునట్టిది, సదరు ప్రదేశమునందు ఆహారమును గైకొనునట్టిది, శాఖవారి రవాణా సదుపాయము లేకనే వచ్చిపోవునట్టిది. అంతే ఉంది."

"రెక్కల మాట?" అన్నారు హైమవతి గారు.

"ముసాయిదాలో ఉండేది. ఎగరలేని పక్షులకు అన్యాయం జరుగుతుందని కమిటీలో తీసేశారు."

తొమ్మిదీ యాభై ఆరు. అందరూ హైమవతి గారి చేతిలోని పెన్ను వైపు చూశారు. ఆమె చాలాసేపు ఆ అడుగు వైపే చూశారు. తర్వాత దొరువు వైపు చూశారు. దూరంగా గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి.

"దీనికి జిరాక్సు లేదు," అన్నారామె. "నకలు లేనప్పుడు అసలైనా చూపించాలి. చూపించండి."

మస్తానయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎడమ కాలు ఎత్తి, మెల్లగా, ఆ అడుగులో పెట్టాడు. మడమ మడమలో, బొటనవేలు బొటనవేలులో కూర్చున్నాయి. హైమవతి గారు మోకాళ్ళ మీద వంగి చుట్టూ చూశారు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇంత చక్కగా సరిపోయిన అసలు ఈ పొద్దున ఇంకొకటి లేదు," అని ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, టైము వేశారు. తొమ్మిదీ యాభై ఎనిమిది.

నలభయ్యో గడిలో వివరాలు త్రివిక్రమరావు గారు స్వయంగా నింపారు. పేరు: మస్తానయ్య. ఆవాసము: చిత్తడి మరియు పొదలు. ఆహారము: రాగి సంగటి, దొరికినచో చేపల పులుసు. వలస: లేదు. జంట: కలదు, మిక్కిలి తెలివైనది.

ఫలితాలు రెండు వచ్చాయి. మొదటిది, నలభై జాతుల నిశానీలు ఉన్న అసలు పత్రం ఆ బురదే కాబట్టి, దొరువు మొత్తాన్ని శాశ్వత రికార్డుగా ప్రకటించారు. శాశ్వత రికార్డును పూడ్చరాదు, మడవరాదు, దాని మీద బరువైన వస్తువులు పెట్టరాదు. అయిదంతస్తుల భవనం బరువైన వస్తువేనని నిపుణుల కమిటీ నాలుగు సమావేశాల తర్వాత తేల్చింది. పక్షి భవన్ ఇంకెక్కడికో పోయింది. అక్కడ పక్షులు లేవు గనక పనులు చురుగ్గా సాగుతున్నాయని వినికిడి.

రెండోది ఇంకా ముందే, ఆ మార్చి ముప్పై ఒకటినే వచ్చింది. జాబితాలో నమోదైన పక్షిని జీతానికి పెట్టుకోవడం నేరం కనక మస్తానయ్య కాంట్రాక్టు రద్దు చేశారు. రవణమ్మ గుండె బాదుకోబోయింది గాని, కింద ఇంకో పేరా ఉంది. సదరు పక్షిని ఆవాసం నుంచి తరిమిన, బెదిరించిన, గూడు చెదరగొట్టిన వారు శిక్షార్హులు. దానికి మేత వేళకు అందేట్టు శాఖ చూడవలెను. జీతం మూడు నెలలకోసారి కూడా వచ్చేది కాదు. మేత మాత్రం ప్రతి సోమవారం జీపులో వస్తోంది, ఒక్క పూట ఆలస్యమైతే పక్షిని పస్తు పెట్టారని కేసవుతుందని డ్రైవరుకు భయం. ఆ పేరా చదువుకున్న రోజు మస్తానయ్య దొరువు గట్టు మీద నిలబడి గట్టిగా నవ్వాడు. ఇక మార్చి ముప్పై ఒకటి అంటే అతనికి ఏ భయమూ లేదు.

మళ్ళీ వసంతం వచ్చింది. త్రివిక్రమరావు గారు పై ఆఫీసు వాళ్ళను పదిమందిని వెంటబెట్టుకుని వార్షిక పరిశీలనకు వచ్చారు. దిబ్బ మీద ఈతపొద చాటున అందరినీ కూర్చోబెట్టి, నోటి మీద వేలు పెట్టి సైగ చేశారు. ఎదురుగా, బురద అంచున, మస్తానయ్య పంచె ఎగగట్టి నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. ఆయన బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నారు.

మస్తానయ్య తల ఎత్తి చూసి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. "నమస్కారం సార్! బాగుండారా? అందరూ ఇట్టా కిందికి రాండి, నీలికోడి ఆరు పిల్లల్ని చేసుండాది. ఇప్పుడే బయటికొచ్చినాయి, జల్దీ రాండి!"

పొద చాటున ఎవరూ కదల్లేదు. త్రివిక్రమరావు గారు ఊపిరి బిగబట్టి ఫారం తీసి, నలభయ్యో గడిలో రాసుకున్నారు: "కనబడినది. ఆరోగ్యముగా ఉన్నది. కూత స్పష్టముగా వినబడినది. అర్థము తెలియరాలేదు."